మొక్కల పేర్లు ఎవరి జ్ఞాపకాలు?

వృక్షశాస్త్ర నామాలు కంఠస్థం చెయ్యడానికే తప్ప అర్థం చేసుకోవడానికి కాదన్నట్టుగా మనకి నేర్పారు. గ్రీకు, లాటిన్ మూలాల నుంచి వచ్చాయి కాబట్టి అవి ఎవరి పక్షమూ వహించని తటస్థమైన పేర్లన్న నమ్మకం కూడా దాంతోపాటే వచ్చింది. ఒక కథనో కవితనో చదివినట్టు ఈ పేర్లని చదివితే ఆ తటస్థత ఎంతోసేపు నిలబడదు.

ఈ చదువుకి దారి వేసినవారిలో ముఖ్యురాలు శాస్త్ర చరిత్రకారిణి లోండా షీబింగర్. 'నేచర్స్ బాడీ' (1993)లో ఆమె లిన్నేయస్ వర్గీకరణని విప్పి చూపించారు. లిన్నేయస్ 1735లో పూలమొక్కలని ముఖ్యంగా కేసరాల సంఖ్యని బట్టి తరగతులుగా, ఆ తరగతుల లోపల అండకోశ భాగాల సంఖ్యని బట్టి క్రమాలుగా విడదీశాడు. చాలా తరగతుల పేర్ల చివర 'ఆండ్రియా' ఉంటుంది, క్రమాల పేర్ల చివర 'గైనియా'. ఒకటి పురుషుడు, భర్త అనే అర్థాలున్న గ్రీకు మాట నుంచీ, రెండోది స్త్రీ, భార్య అనే అర్థాలున్న మాట నుంచీ వచ్చాయి. పువ్వు ఏ తరగతికి చెందుతుందో మగభాగం నిర్ణయిస్తుంది. ఆడభాగం దాని కింద సర్దుకుంటుంది. ఈ హెచ్చుతగ్గులకి పువ్వులో ఏ ఆధారమూ లేదనీ, 18వ శతాబ్దపు యూరప్ కుటుంబమే పువ్వులోకి ప్రవేశించిందనీ ఆమె వాదన.

ఈ వాదనకి మన తెలుగు పాఠ్యపుస్తకంలోనే ఒక రుజువుంది. మందారంలో కేసరాలన్నీ ఒకే గొట్టంగా కలిసి ఉంటాయి. అలాంటి పూలని లిన్నేయస్ 'మొనడెల్ఫియా' అన్నాడు, అంటే ఒకే అన్నదమ్ముల జట్టు. మనవాళ్ళు దాన్ని 'ఏకబంధకం' అన్నారు. అన్నదమ్ములు వెళ్ళిపోయారు, కేసరాల అమరిక మాత్రం చక్కగా అర్థమవుతూనే ఉంది.

షీబింగర్ తర్వాతి పుస్తకం 'ప్లాంట్స్ అండ్ ఎంపైర్' (2004) నన్ను ఎక్కువ కలవరపెట్టింది. దాని కేంద్రంలో ఉన్న మొక్క మన పెరళ్ళలో పూసే రత్నగంధి. చిత్రకారిణి, కీటక పరిశోధకురాలు మరియా సిబిల్లా మేరియన్ 1699లో చిన్న కూతురితో కలిసి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళింది. డచ్చి యజమానుల కింద బానిసలుగా ఉన్న స్త్రీలు, తమ బిడ్డలు కూడా బానిసలు కాకూడదని ఈ మొక్క గింజలతో గర్భం తీసేసుకునేవారని 1705లో అచ్చయిన తన పుస్తకంలో రాసింది. ఆ సంగతి ఆ స్త్రీలే తనతో చెప్పారని కూడా రాసింది.

మరి శాస్త్రం ఆ మొక్కకి పెట్టిన పేరేమిటి? లిన్నేయస్ 1753లో 'పోయిన్సియానా పుల్చెరిమా' అన్నాడు. మొదటి మాట కరీబియన్ దీవుల్లో ఫ్రెంచి వలసలని పాలించిన గవర్నర్ ద పోయెన్సీ స్మృతి చిహ్నం. తర్వాత అది 'సీసాల్పీనియా పుల్చెరిమా' అయింది. గవర్నర్ పోయి ఇటలీ వృక్షశాస్త్రవేత్త చెసాల్పీనో వచ్చాడు. లాటిన్లో 'పుల్చెరిమా' అంటే అత్యంత సుందరమైనది. మగవాళ్ళకి స్మారకం, మొక్కకి అందం, స్త్రీలకి ఏమీ లేదు. మొక్క యూరప్ తోటలకి చేరింది గానీ దాని గురించి స్త్రీలకున్న ఎరుక అక్కడి వైద్యంలోకి చేరలేదని షీబింగర్ చూపిస్తారు. తమ శరీరం మీద తమకే హక్కులేని స్త్రీలు ఆ శరీరం గురించి సంపాదించుకున్న జ్ఞానం అది.

అయితే లాటిన్‌ని తిట్టి తెలుగుని నెత్తిన పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. 'రత్నగంధి' అనే పేరు కూడా ఆ స్త్రీల గురించి ఏమీ చెప్పదు. లాటిన్లో చెట్ల పేర్లు సాధారణంగా స్త్రీలింగం. 'ఫైకస్' అన్న మాట పురుషలింగంలా కనిపించినా రావిచెట్టు 'ఫైకస్ రెలిజియోసా'యే అవుతుంది, 'రెలిజియోసస్' కాదు. మన వ్యాకరణం ఏం చేసింది? రాముడు వచ్చాడు, సీత వచ్చింది, వాన వచ్చింది. 'మహత్తు' పురుషుడికి దక్కింది, ఏకవచనంలో స్త్రీ చెట్టూ వానల సరసన నిలబడింది. రెండు భాషలూ ఒకే ఇంట్లో పెరిగినట్టున్నాయి.

షీబింగర్ మరుపు గురించి చెప్పినదానికి నేనొక మాట చేర్చాలి. లిన్నేయస్ కంటే చాలా పాత పేర్లలో స్త్రీల జ్ఞాపకం మిగిలే ఉంది. మన ఈశ్వరి మొక్క 'అరిస్టోలోకియా ఇండికా'. గ్రీకులో 'అరిస్టోస్' అంటే శ్రేష్ఠమైనది, 'లోకియా' అంటే ప్రసవం. పురుడు పోసిన చేతుల అనుభవం ఆ మాటలో నిలిచి ఉందని నేననుకుంటాను. వినాయకచవితి పత్రిలో కలిసే మాచిపత్రి 'ఆర్టెమీసియా' ప్రజాతిది. పురిటి స్త్రీలని కాపాడే దేవత ఆర్టెమిస్ పేరు మీద వచ్చిందంటారు. అయితే జ్ఞాపకాన్ని వైద్యంగా పొరబడకూడదు. అరిస్టోలోకియా మొక్కల్లోని ఆమ్లం మూత్రపిండాలని పాడుచేస్తుందనీ, క్యాన్సర్‌కి కారణమవుతుందనీ ఇవాళ మనకి తెలుసు. ఆ స్త్రీలని గౌరవించడమంటే వాళ్ళకి తెలిసినదాన్ని పరీక్షించడం కూడా.

కాగితం పూల సంగతి చూడండి. 'బూగన్‌విలియా' ఓడల నాయకుడి పేరు. ఆ యాత్రలో మగవేషం వేసుకుని మొక్కలు సేకరించిన జాన్ బారే భూమిని చుట్టివచ్చిన మొదటి స్త్రీ అని చరిత్రకారులంటారు. వృక్షశాస్త్రవేత్త కొమెర్సన్ ఒక ప్రజాతికి ఆమె పేరు పెట్టాలనుకున్నాడు గానీ ఆ పేరు నిలవలేదు. 2012లో గానీ 'సొలానమ్ బారెటియె' అనే మొక్క రాలేదు. చివరి 'ఎ' లాటిన్లో 'ఆమెది' అని చెప్పే ప్రత్యయం.

ఈ పేర్లు శిలాశాసనాలేం కావు. ఆఫ్రికా నల్లజాతివారిని అవమానించే 'కాఫ్రా' అన్న మాటని 200కి పైగా జాతుల పేర్లలో 'ఆఫ్రా'గా మార్చాలని 2024 జూలైలో మాడ్రిడ్‌లో వృక్షశాస్త్రవేత్తలు ఓటు వేసి నిర్ణయించారు. పేరు మార్చడం ఒక పని. మంత్రసానులు, చెంచు స్త్రీలు, కలుపు తీసే కూలీలు ఏ మొక్కని ఏమని పిలుస్తారో, ఎందుకు అలా పిలుస్తారో వాళ్ళ పేర్లతో సహా రాసి పెట్టడం ఇంకో పని. మేరియన్‌కి ఆ సంగతి చెప్పిన స్త్రీల పేర్లు ఆమె పుస్తకంలోనూ లేవు.