బేస్ బాక్సు చోటెరిగిన చెయ్యి

నాదర్‌గుల్‌లో పెళ్లయినా, బోనాల పండుగయినా, సౌండ్ సిస్టమ్ వాళ్ల పనితనం పాట మొదలవకముందే తెలిసిపోతుంది. ట్రాలీ ఆటోలోంచి బేస్ బాక్సులు దించగానే చాలామంది స్టేజీకి అటు రెండు, ఇటు రెండు పెట్టేస్తారు. చూపుకు బాగానే ఉంటుంది, చెవికే చిక్కు. 50 హెర్ట్జ్ ధ్వని అల పొడవు దాదాపు 7 మీటర్లు. ఒక వైపు బాక్సుల కన్నా రెండో వైపువి మూడున్నర మీటర్లు ఎక్కువ దూరమైన చోట, ఒక అల నెడుతుంటే ఇంకొకటి లాగుతుంది. అక్కడ దరువు చప్పబడుతుంది. సరిగ్గా నడుమ నిలబడ్డవాళ్లకేమో గుండెలదురుతాయి.

పని తెలిసిన ఆపరేటర్ నాలుగింటినీ స్టేజీ ముందు నడుమ ఒక్కచోట చేరుస్తాడు. గోడవార పెడితే మోత పెరుగుతుందని, మూలకు నెడితే ఇంకా పెరుగుతుందని అతనికెరుకే. తర్వాత ఒకే పాట పెట్టి కుర్చీల వరసల మధ్య తిరుగుతాడు. ఒక్కో ప్లాస్టిక్ కుర్చీ వీపు మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. ఆ నడక నాకు ఎంత ఇష్టమో! మొన్న చూసినతను చంటిబిడ్డతో వచ్చిన తల్లిని గమనించి, ఎవరూ అడగకముందే ముందు వరసలు రెండూ వెనక్కి జరిపించాడు.