చేతిలో ఒకటి

111111ని 111111తో గుణించండి. ఫోను వద్దు, కాగితం మీదే. 12345654321 వస్తుంది. ఎటునుంచి చదివినా అదే.

ఎగువ అహోబిలంలో మధ్యాహ్నం గుడి తలుపులు వేశాక మంటపం నీడలో కూర్చుని నేను చేసే పని ఇదే. ప్రసాదం పొట్లం కాగితం చాలు. పెద్ద సంఖ్యల వేడుక కొత్తదేం కాదు. క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో గుణకారాలు నేర్పుతూ ఇలాంటి జవాబుల్ని కంఠహారాలన్నాడు. 27994681ని 441తో హెచ్చవేస్తే వచ్చేదీ 12345654321 హారమే. 441 అంటే 21 వర్గం, 27994681 అంటే 5291 వర్గం, 21ని 5291తో గుణిస్తే 111111. ఇంత కొంటె లెక్క కట్టినవాడు పాఠం చెబుతుంటే పిల్లలకు నిద్ర వచ్చి ఉండదు. పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

హారం ఎలా కుదిరింది? ఆరు ఒకట్ల వరుసను ఒక్కో స్థానం జరుపుతూ ఆరుసార్లు రాస్తే నిలువు వరుసల మొత్తాలు ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి, మళ్లీ దిగుతాయి. ఏ మొత్తమూ పదిని తాకదు. తొమ్మిది ఒకట్ల దాకా ఇంతే: 12345678987654321. పదో ఒకటి చేర్చారా, నడిమి వరుసలో పది వచ్చి, సున్న వేసి ఒకటి చేతిలో పట్టుకోవాల్సి వస్తుంది. జవాబు 1234567900987654321. కుడి సగం చెక్కుచెదరదు, ఎడమ సగంలో ఎనిమిది మాయం!

"ఇక్కడ కొలువైంది నవ నారసింహులు కదప్పా, తొమ్మిది దాకా నిలబడింది" అన్నాడు పక్కన కూర్చున్న పెద్దాయన. మనం పదులతో లెక్కిస్తాం కాబట్టి తొమ్మిది. పన్నెండులతో లెక్కించే ఊరుంటే పదకొండు ఒకట్ల దాకా నిలిచేది. ఆయనతో వాదించలేదు.

కవులకు ఈ చేతిలో ఒకటి బాధ లేదు. నంద్యాల ఆస్థానంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఒక పద్యం రాశాడు. ముందునుంచి చదివితే తెలుగు, వెనకనుంచి చదివితే సంస్కృతం. అంకెలకు ఆ సౌఖ్యం లేదు, పక్కవాడి బరువు మీద పడుతూనే ఉంటుంది.

సంఖ్యను తిరగేసి కూడే ఆటలో అది ఇంకా బాగా తెలుస్తుంది. 57కి 75 కలిపితే 132, దానికి 231 కలిపితే 363. రెండడుగుల్లో హారం. 196ను మాత్రం కంప్యూటర్లు కోట్ల అంకెల దాకా తోలుకెళ్లినా హారం చిక్కలేదు, ఎప్పటికీ చిక్కదని రుజువూ లేదు. దాని జోలికి నేను పోను.

నాకిష్టమైనది 89. ఇరవై నాలుగు కూడికలు పడుతుంది. ఇరవై మూడోదానికి 1801200002107 వచ్చిందంటే దారి తప్పలేదన్నమాట. దాన్ని తిరగేసి కూడితే ఏ వరుసా పదికి చేరదు. 8813200023188 వస్తుంది. చివరి కూడికలో చేతిలో ఒకటి మిగిలితే మాత్రం, పైకెళ్లి ఎక్కడ తప్పారో వెతకండి.