నేలక్రింది నీరు - న్యాయస్థానపు కథ

భూగర్భజలము నేలక్రింద నదివలె పరుగెత్తదు. ఇసుక రేణువుల సందులలో మెల్లగా జారుచుండును. ఈ మందగమనమును కొలుచుట ఎంత కష్టమో జొనాథన్ హార్ 1995లో ప్రకటించిన ‘ఎ సివిల్ యాక్షన్’ అను గ్రంథము చదివిన తెలియును. ఇది కల్పిత కథ కాదు.

అమెరికాలో బోస్టన్ నగరమునకు ఉత్తరమున వూబర్న్ అను పట్టణము కలదు. అచట 1964లోను, 1967లోను త్రవ్విన రెండు బావుల నీటిలో 1979లో ట్రైక్లోరోఎథిలీన్ మొదలగు ద్రావణులు కనబడగా వానిని మూసివేసిరి. తమ పిల్లలకు లుకేమియా వచ్చుటకు ఆ నీరే కారణమని ఎనిమిది కుటుంబములవారు తెచ్చిన దావా 1986లో విచారణకు వచ్చినది.

న్యాయవాదుల ఎత్తులను, తల్లిదండ్రుల శోకమును హార్ ఎంతో ఓర్పుతో చిత్రించెను. అయినను శాస్త్రదృష్టితో చదువువారికి ఒక లోటు కనబడును. కలుషితము ఏ నెలలో, ఏ సంవత్సరమున బావులను చేరెనని జూరీని అడిగిరి. ఆ ప్రశ్న జూరీని చిక్కులలో పెట్టిన తీరును గ్రంథకర్త చక్కగా చూపెను; దానికి కచ్చితమైన జవాబు ఏల దొరకదో మాత్రము లెక్కకట్టి చూపలేదు.

ఆ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనిది కాదు. ఫ్రెంచి ఇంజనీరు డార్సీ 1856లో ప్రకటించిన సూత్రమే దీనికి ఆధారము. నేల పారగమ్యతను నీటిమట్టపు వాలుతో హెచ్చించి, రేణువుల మధ్యనున్న ఖాళీ భాగముతో భాగించినచో నీటి వేగము వచ్చును. పారగమ్యత దినమునకు 10 మీటర్లు, వాలు 500కు 1, ఖాళీ నాలుగవ వంతు అనుకొందము. అపుడు వేగము దినమునకు 8 సెంటీమీటర్లు. 300 మీటర్లు సాగుటకు పదేండ్లు దాటును. పారగమ్యత పదిరెట్లయినచో ఏడాదికి కొద్ది దినములు మించి చాలును. ఒకే ఇసుక మేటలో ఇంతటి భేదము అరుదు కాదు. పైగా ట్రైక్లోరోఎథిలీన్ మట్టికి అంటుకొనుచు నీటికంటె వెనుకబడును. ఇక నెలను ఎవరు నిర్ణయింపగలరు?

నదినుండి ఆ బావులకు నీరు రాదని వాదుల పక్షమున ఒక నిపుణుడు చెప్పెను. విచారణకు ముందే ముప్పది దినములు నీటిని తోడి చేసిన పరీక్షలో మాత్రము సుమారు సగము నీరు నదినుండియే వచ్చుచున్నట్లు తేలినది. గ్రంథమున సాక్షి తడబాటు మనస్సునకు హత్తుకొనును. కొలత ఊహను సరిదిద్దిన సంగతి వెనుకబడును.

నీటి ప్రక్షాళనకు గ్రంథమున దక్కిన చోటు స్వల్పము. నీటిని తోడి శుద్ధిచేయుటకు ఆరంభింపగనే మట్టపు వాలు మారును. పాత కొలతలు చెల్లవు. పరిశీలన బావులలో మట్టములను మరల మరల చూడవలెను. బావిలో కొంతమేర ఉప్పునో రంగునో కలిపి, అది పలుచనగు తీరునుబట్టియు ప్రవాహమును గ్రహింపవచ్చును. అట్లు చూడనిచో కలుషితము పంపులను తప్పించుకొని ప్రక్క బావులకు పోవుట ఎవరికిని తెలియదు.

ఉపాధ్యాయులు ఈ గ్రంథమును తరగతికి పరిచయము చేయునపుడు, పై లెక్కను విద్యార్థులచే వేరువేరు అంకెలతో చేయించిన మేలు. గ్రంథమున లేని అధ్యాయము అదియే.