సున్నా చెప్పని సంగతి: కెర్నెల్ మాడ్యూల్ తొలగింపు బోధనపై ఒక విమర్శ

లైనక్స్ డ్రైవర్లు నేర్చుకునే విద్యార్థులు మాడ్యూల్‌ను తొలగించే ముందు ‘ఎల్‌ఎస్‌మాడ్’ ఆదేశంతో వినియోగ సంఖ్యను చూస్తారు. అది సున్నా అయితే ‘ఆర్‌ఎమ్‌మాడ్’ ఇస్తారు. సున్నా ఉంటే తొలగింపు నిరపాయకరమని వారు పాఠాల నుంచి గ్రహించిన అర్థం. ఆ అర్థం అసంపూర్ణం. మాడ్యూల్ కోడు ఉన్న మెమరీని విడుదల చేశాక ఏ ప్రాసెసరైనా ఆ కోడులోకి అడుగుపెడితే కెర్నెల్ కుప్పకూలవచ్చు. పదిసార్లు సవ్యంగా నడిచిన డ్రైవర్ పదకొండవసారి పడిపోవడం రేస్ కండిషన్ స్వభావం. కనుక ప్రయోగశాలలో నడిచిందన్నది ఇక్కడ నిరూపణ కాజాలదు.

పూర్వపు పద్ధతిలో మాడ్యూల్ తన ఓపెన్ ఫంక్షన్ లోపలే తన సంఖ్యను తాను పెంచుకునేది. కెర్నెల్ ఆ ఫంక్షన్ చిరునామాను అందుకున్న క్షణానికీ, లోపల సంఖ్య పెరిగే క్షణానికీ నడుమ తొలగింపు జరిగిపోవచ్చు. సంఖ్యను తగ్గించాక వెనుదిరిగే ఆజ్ఞ కూడా ఆ మాడ్యూల్ కోడులోనిదే. తనను కాపాడే లెక్కను తానే రాసుకోవడంలో ఉన్న మౌలిక దోషమిది. ‘ఓనర్’ అనే అంశంతో ఆ బాధ్యత క్రమంగా మాడ్యూల్ వెలుపలికి చేరింది. 2002లో 2.5 శ్రేణిలో రస్టీ రస్సెల్ మాడ్యూల్ వ్యవస్థను తిరగరాసినప్పుడు ‘ట్రై మాడ్యూల్ గెట్’ వచ్చింది. మాడ్యూల్ నిష్క్రమణ దశలో ఉంటే ఇది విఫలమవుతుంది. అయితే దీనికి అందించే మాడ్యూల్ చిరునామా అప్పటికి చెల్లుబాటులో ఉండాలి. క్యారెక్టర్ పరికరాల విషయంలో నమోదు పట్టికకున్న లాక్ ఆ హామీ ఇస్తుంది. పరికరాన్ని వెతికే మార్గం, నమోదును రద్దుచేసే మార్గం రెండూ ఆ లాక్ గుండానే సాగాలి. లాక్ ప్రస్తావన లేకుండా ఫంక్షన్‌ను మాత్రమే బోధిస్తే పాత దోషం కొత్తచోట తలెత్తుతుంది.

ఇంతవరకు బయటినుంచి లోపలికి వచ్చేవారి లెక్క. మాడ్యూల్ తానే కెర్నెల్‌కు అప్పగించిన పనుల మాటేమిటి? టైమర్, వర్క్‌క్యూ, ఆర్‌సీయూ కాల్‌బ్యాక్ వంటివి తమంతట వినియోగ సంఖ్యను పెంచవు. సున్నా వీటి గురించి ఏమీ చెప్పదు.

కార్బెట్, రుబిని, క్రోవా-హార్ట్‌మన్ రచించిన ‘లైనక్స్ డివైస్ డ్రైవర్స్’ మూడవ కూర్పు (2005) నేటికీ ఆదరణీయమైన గ్రంథం. కాని అందులో మాడ్యూల్ లోడింగ్ వేళ తలెత్తే రేసులకు రెండవ అధ్యాయంలోనే ప్రత్యేక శీర్షిక ఉండగా, తొలగింపు వేళ తలెత్తే వాటికి ఆ గౌరవం దక్కలేదు. నడుస్తున్న టైమర్ ఫంక్షన్ ముగిసేవరకు ఆగే ‘డెల్ టైమర్ సింక్’ను ఏడవ అధ్యాయం చక్కగానే వివరిస్తుంది. అప్పటికి విద్యార్థి మనసులో సున్నా స్థిరపడిపోయి ఉంటుంది. ఇది సమాచార లోపం కాదు, కూర్పు లోపం; బోధించే మనమూ అదే క్రమాన్ని అనుసరిస్తున్నాం.

క్రమం ఎంత ముఖ్యమో ఆర్‌సీయూ చూపుతుంది. ‘సింక్రనైజ్ ఆర్‌సీయూ’ పాత పాఠకులు నిష్క్రమించేవరకు ఆగుతుంది, కాని వరుసలో ఉన్న కాల్‌బ్యాక్‌లు పూర్తయ్యేవరకు కాదు. అందుకు ‘ఆర్‌సీయూ బ్యారియర్’ కావాలి. అంతకుముందే కొత్త కాల్‌బ్యాక్‌ల నమోదును ఆపివేయాలి. పాల్ మెకెన్నీ 2007లో ఈ ఒక్క విషయంపైనే ఒక వ్యాసం రాయవలసి వచ్చింది.

టైమర్ ఒక పనిని వరుసలో చేర్చి, ఆ పని తిరిగి టైమర్‌ను మేల్కొల్పే డ్రైవర్లు మరింత చిక్కైనవి. టైమర్‌ను ముందు ఆపితే పని దాన్ని మళ్లీ లేపుతుంది. పనిని ముందు రద్దుచేస్తే టైమర్ దాన్ని మళ్లీ చేరుస్తుంది. ఏది ముందన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం లేదు. టైమర్‌ను తిరిగి లేవనీయకుండా శాశ్వతంగా మూసివేసే ‘టైమర్ షట్‌డౌన్ సింక్’ 2023లో విడుదలైన 6.2 కెర్నెల్‌తో గాని చేరలేదు. దీనితో ముందు టైమర్‌ను మూసి, ఆపై పనిని రద్దుచేయవచ్చు. 2.6.10 కెర్నెల్ ఆధారంగా రాసిన గ్రంథంలో ఇది ఉండే అవకాశం లేదు. ఈ ఏటి పాఠ్యప్రణాళికలో లేకపోవడానికి ఆ సాకు చెల్లదు.