పాత బోర్డుకు కొత్త ఆపరేటింగ్ సిస్టము: గుణదోష విచారణ

ఒక గ్రంథము వేరొక భాషలోనికి వచ్చినప్పుడు విమర్శకుడు రెండు ప్రశ్నలు వేయును. మూలములోని భావము చెడకుండ వచ్చినదా? వచ్చిన భాషలో అది సహజముగా నిలిచినదా? ఒక ఆపరేటింగ్ సిస్టమును ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తరలించుటను కూడ ఇట్లే పరీక్షింపవచ్చును. ఈ తరలింపునకు పోర్టింగు అని పేరు. ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయమని తలపరాదు. పాఠశాల బీరువాలో పడియున్న పాత కంప్యూటరు బోర్డు పనికివచ్చునా, పారవేయవలెనా అను ప్రశ్నకు సమాధానము దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

హైదరాబాదు పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్ అను పేట కలదు. యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చి నిజాం సైన్యములో పనిచేసిన అరబ్బుల వంశస్థులు అక్కడ నివసించుచున్నారు. సైనికులుండు లైన్లకు ఇంగ్లీషులో బ్యారక్స్ అని పేరు. ఆ మాటయే జనుల నోట బార్కస్ అయినది. బ, ర, క, స అను హల్లులు నిలిచినవి. అచ్చులు మాత్రము ఇక్కడి నాలుకకు ఒదిగినవి. పోర్టింగులోని కిటుకు కూడ ఇదియే. నిలుపవలసినదేదో, మార్చవలసినదేదో తెలిసికొని, మార్చవలసినంత మాత్రమే మార్చవలెను. ఆ పేట మనకు మరియొక విధముగా కూడ ఉపకరించును. అటువంటి చోటి బడిపిల్లలకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడును కావలెను. మూడు లిపులను చూపలేని యంత్రము వారికి సగము యంత్రమే. ఈ గీటురాయిని మనము తరువాత వాడుదము.

పోర్టింగు ఎట్లు సాధ్యమైనది?

ప్రతి ప్రాసెసరునకు తనదైన ఆజ్ఞల పట్టిక ఉండును. ఒక ప్రాసెసరు ఆజ్ఞలలో వ్రాసిన ప్రోగ్రాము వేరొక ప్రాసెసరునకు అర్థము కాదు. మన హైదరాబాదులోనే 1967లో స్థాపింపబడిన ఈసీఐఎల్ సంస్థ తొలుత 12 బిట్ల టీడీసీ-12ను, తరువాత 16 బిట్ల టీడీసీ-316ను తయారుచేసినది. మొదటి యంత్రపు ఆజ్ఞలలో వ్రాసినది రెండవదానిపై ఉన్నదున్నట్లు నడచుట అసాధ్యము. ఆ కాలమున లోకమంతట ఇదే పరిస్థితి. యంత్రము మూలబడినచో దానికొరకు చేసిన శ్రమ కూడ మూలబడెడిది.

1973లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమును సి భాషలో తిరిగి వ్రాయుటతో దారి తెరచుకొన్నది. సి భాషలోని మూలమును కంపైలరు అను ప్రోగ్రాము కావలసిన ప్రాసెసరు ఆజ్ఞలలోనికి మార్చును. 1977, 1978 సంవత్సరములలో ఆస్ట్రేలియాలోని వోలంగాంగ్ విశ్వవిద్యాలయములోను, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలోను యూనిక్సును ఇంటర్‌డేటా యంత్రములకు తరలించి, ఇది సాధ్యమేనని నిరూపించిరి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఇంటెల్ 386 ప్రాసెసరు కొరకు వ్రాసిన లినక్స్ కెర్నెల్ కూడ ఈ దారినే పోయినది. 1994లో రస్సెల్ కింగ్ దానిని ఆర్మ్ ప్రాసెసరునకు తరలింప మొదలిడెను. నేటి చిన్న బోర్డులలో అధిక భాగము ఈ ఆర్మ్ జాతికి చెందినవే.

విమర్శకు ఎన్నుకొన్న ఉదాహరణ

రాస్ప్‌బెరీ పై అను బోర్డు 2012 ఫిబ్రవరి 29న అమ్మకమునకు వచ్చినది. దాదాపు ఏటీఎం కార్డంత పరిమాణము. 700 మెగాహెర్ట్‌జ్ వేగముగల ఒకే ఒక ప్రాసెసరు. 256 మెగాబైట్ల మెమరీ. ధర 35 డాలర్లు. దశాంశ లెక్కలు చేయుటకు ప్రత్యేకమైన విభాగము కూడ ఈ చిప్పులో ఉన్నది. అయినను ఇది ఆర్మ్ ఆరవ తరమునకు చెందినది.

చిక్కు ఇక్కడనే వచ్చినది. డెబియన్ అను ప్రసిద్ధమైన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టము ఆనాడు ఆర్మ్ జాతికి రెండు రూపములు సిద్ధపరచుచుండెను. ఒకటి ఆర్మెల్, అది మరింత పాత ప్రాసెసర్లకు తగినది, దశాంశ విభాగమును ఉపయోగింపదు. రెండవది ఆర్మ్‌హెచ్ఎఫ్, అది దశాంశ విభాగమును ఉపయోగించును గాని ఏడవ తరము ప్రాసెసరు ఉండితీరవలెను. క్రొత్తగా వచ్చిన ఈ బోర్డునకు రెండవది ఎక్కదు. మొదటిది నడచును గాని, ప్రతి దశాంశ గుణకారమును అనేక పూర్ణసంఖ్యల ఆజ్ఞలుగా విడగొట్టి చేయును. సైకిలున్నవాడు దానిని చేత పట్టుకొని నడచినట్లే!

మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ అను ఇరువురు ముఖ్యులుగా, బోర్డు తయారీ సంస్థతో సంబంధము లేకుండ, డెబియన్ మూలమునంతను ఆరవ తరమునకు తగినట్లు, దశాంశ విభాగమును వాడునట్లు తిరిగి కంపైలు చేసిరి. 35,000కు పైగా ప్యాకేజీలు 2012 జూన్ నాటికి తయారైనవి. దీనికి రాస్బియన్ అని పేరుపెట్టిరి. ఈ కృతి గుణదోషములనే మనమిప్పుడు విచారింపవలెను.

గుణములు

మొదటి గుణము స్వాతంత్ర్యము. మూలము బహిరంగముగా ఉన్నది. మార్చుకొను హక్కును లైసెన్సు ఇచ్చినది. అందుచేత ఎవరి అనుమతియు లేకుండ, కొద్దిమంది పూనికతో, ఇంత పెద్ద పని కొద్ది నెలలలో జరిగినది. మూలము దాచబడిన వ్యవస్థలో ఈ పని చేయుటకు యజమాని ఒక్కడే అర్హుడు. అతనికి లాభము కనబడనిచో పని జరుగదు.

రెండవ గుణము పొదుపు. ఇరువురు 35,000 ప్యాకేజీలను తిరిగి వ్రాయలేదు. తిరిగి కంపైలు చేసిరి, ఆగిపోయినచోట మాత్రమే దిద్దిరి. మంచి అనువాదకుడు తన సొంత కథ చొప్పింపడు గదా.

మూడవ గుణము కొనసాగింపు. 2015లో ఏడవ తరము ప్రాసెసరుతో రెండవ నమూనా బోర్డు వచ్చినప్పుడు కూడ రాస్బియన్ ఆరవ తరము ఆజ్ఞలనే పట్టుకొని ఉన్నది. అందుచేత వ్యవస్థ యొక్క ఒకే ప్రతి పాత బోర్డునందును, క్రొత్త బోర్డునందును నడచినది. ఒకే తరగతిలో రెండు రకముల బోర్డులున్న ఉపాధ్యాయునికి ఇది ఎంత సుఖమో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే దీనికి మూల్యము కూడ కలదు. క్రొత్త బోర్డు తన పూర్తి శక్తిని చూపలేకపోయినది. 64 బిట్ల వ్యవస్థ అధికారికముగా 2022 ఫిబ్రవరిలో గాని రాలేదు.

దోషములు

మొదటి దోషము పేరులోనిది. రాస్బియన్ కూడ తన ప్యాకేజీలకు ఆర్మ్‌హెచ్ఎఫ్ అనియే పేరుంచినది. డెబియన్ ప్యాకేజీల పేరును అదే. లోపలి ఆజ్ఞలు మాత్రము వేరు. తెలియక డెబియన్ ప్యాకేజీని మొదటి నమూనా బోర్డుపై ఎక్కించినచో, పేరు సరిపోయినందున వ్యవస్థ దానిని అంగీకరించును. నడపినప్పుడు ప్రాసెసరు తనకు తెలియని ఆజ్ఞ వచ్చినదని ఆగిపోవును. ఒకే పేరుగల రెండు సీసాలలో రెండు మందులుంచినట్లయినది. శాస్త్రములో పేరు స్పష్టముగా ఉండవలెనను నియమమునకు ఇది విరుద్ధము.

రెండవ దోషము రాస్బియనుది కాదు, బోర్డుది. ఈ బోర్డులో కరెంటు ఇచ్చిన వెంటనే మేల్కొనునది ఆర్మ్ ప్రాసెసరు కాదు, చిత్రములు గీయు విభాగము. అది ముందుగా తయారీదారు ఇచ్చిన ప్రోగ్రామును నడపి, తరువాతనే ఆర్మ్ ప్రాసెసరును లేపును. ఆ ప్రోగ్రాము మూలము బహిరంగము కాదు. అనగా ఇల్లు మనది, వీధి తలుపు తాళము మాత్రము ఇతరునిది. దీనిని స్వేచ్ఛా కంప్యూటరు అని ప్రశంసించువారు ఈ సంగతిని కూడ చెప్పుట న్యాయము.

మూడవ దోషము ఆర్మ్ లోకమంతటికి చెందినది. ప్రతి బోర్డులోను తీగెలు వేరు, పరికరములుండు చోటులు వేరు. ఆ వివరములను బోర్డుకొక విధముగా కెర్నెల్ లోనే వ్రాయుచుండిరి. 2011 మార్చిలో టోర్వాల్డ్స్ దీనిని తీవ్రముగా ఆక్షేపించెను. తరువాత ఆ వివరములను డివైస్ ట్రీ అను వేరు పట్టికలో ఉంచు పద్ధతి వ్యాపించినది. వంటవాడు ఒకడే, ఏ ఇంటిలో ఉప్పు ఎక్కడ, పప్పు ఎక్కడ అని తెలుపు చీటీ మాత్రము ఇంటింటికి వేరు. 2012 డిసెంబరులో వచ్చిన లినక్స్ 3.7లో అనేక ఆర్మ్ బోర్డులపై ఒకే కెర్నెల్ నడచు ఏర్పాటు జరిగినది. ఈ చీటీ వ్రాయబడని బోర్డులు తయారీదారు ఇచ్చిన పాత కెర్నెల్‌తోనే నిలిచిపోయినవి. బోర్డు చెడలేదు, చీటీ వ్రాయువాడు లేక వెనుకబడినది.

తెలుగు అను గీటురాయి

పాత బోర్డులను గురించి సలహాలిచ్చువారు తరచుగా ఒక మాట చెప్పుదురు: మెమరీ తక్కువ గనుక గ్రాఫిక్స్ తీసివేసి, అక్షరముల తెరతోనే పని జరుపుకొనుడని. ఇంగ్లీషు చదువువానికి ఈ సలహా సరిపోవును. మనకు సరిపోదు.

స్త్రీ అను అక్షరమును చూడుడు. యూనికోడులో ఇది ఆరు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారము. ఈ ఆరింటిని కలిపి ఒక ఆకారముగా కూర్చుటకు ప్రత్యేకమైన ప్రోగ్రాము కావలెను. లినక్స్ యొక్క అక్షరముల తెరకు ఈ విద్య తెలియదు. పైగా అది ఒకసారి 512 ఆకారములకు మించి ఉంచుకొనలేదు. ఉర్దూ విషయములో చిక్కు ఇంకను అధికము. వ్రాత కుడినుండి ఎడమకు నడచును, ప్రక్క అక్షరమును బట్టి ప్రతి అక్షరము రూపము మార్చుకొనును. కనుక గ్రాఫిక్స్ తీసివేసిన పోర్టింగు బార్కస్ వంటి పేటలోని బడిలో రెండు భాషలను తీసివేసినట్లే. బోర్డు వెలిగినంత మాత్రాన పోర్టింగు పూర్తి అయినదనుట పొరపాటు.

ఇక్కడ ఒక శుభవార్త కూడ ఉన్నది. డెబియన్ ఆధారముగా స్వేచ్ఛ అను తెలుగు ఆపరేటింగ్ సిస్టమును మన రాష్ట్రపు స్వచ్ఛంద కార్యకర్తలే రూపొందించిరి. మెనూలలోను, సందేశములలోను ఉండు తెలుగు మాటలు ప్రోగ్రాములో కలిసియుండవు. వేరు పట్టికలలో ఉండును. ఆ పట్టికకు ప్రాసెసరుతో నిమిత్తము లేదు. ఇంటెల్ యంత్రమునకై చేసిన తెలుగు అనువాదము ఆర్మ్ బోర్డుపై కూడ అక్షరము మార్చకుండ పనిచేయును. చిప్పులు పాతబడును, కెర్నెళ్లు మారును. చక్కగా చేసిన తెలుగు పట్టిక మాత్రము యంత్రమునుండి యంత్రమునకు సాగిపోవును. ఇంజనీరు కానివారు కూడ చేయగల పని ఇది. భాషోపాధ్యాయులు దీనిని గమనింపవలెను.

2038 పరీక్ష

లినక్స్ కాలమును 1970 జనవరి 1 నుండి గడచిన సెకండ్లుగా లెక్కించును. 32 బిట్ల యంత్రములలో ఈ సంఖ్యకు గరిష్ఠము 2,147,483,647. ఆ సెకండు 2038 జనవరి 19న, మన గడియారము ప్రకారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు వచ్చును. పిమ్మట లెక్క తిరగబడి 1901 డిసెంబరునకు పోవును. లినక్స్ కెర్నెల్ 2020లో వచ్చిన 5.6 సంచికతో 32 బిట్ల యంత్రములలో కూడ 64 బిట్ల కాలమునకు సిద్ధమైనది. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13 తన ఆర్మ్ రూపములను ఈ పద్ధతికి మార్చినది. ఇందుకు వేలకొలది ప్యాకేజీలను తిరిగి కంపైలు చేయవలసివచ్చినది. మూలము చేత లేనిచో ఇది జరిగెడిదేనా?

కాని అదే డెబియన్ 13తో ఆర్మెల్ రూపము ముగియుచున్నది. తరువాతి సంచికలో అది ఉండదు. డెబియనును దీనికై నిందించుట తగదు. ప్రతి రూపమును పరీక్షించుటకు మనుష్యులు కావలెను, యంత్రములు కావలెను. మూలము బహిరంగముగా ఉన్నంత మాత్రాన పని తనంతట తాను జరుగదు. చేయు హక్కు ఒకటి, చేయు మనిషి ఒకటి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఉచిత సరుకుగా మాత్రమే చూచువారు ఈ రెండవదానిని మరచుచున్నారు.

తీర్పు

రాస్బియన్ గొప్ప పని. అది లేకున్న మొదటి నమూనా బోర్డు తన శక్తిని చూపకుండనే మూలబడెడిది. పేరులోని గందరగోళము దాని సొంత లోపము. మూయబడిన తొలి ప్రోగ్రాము బోర్డు లోపము. తెలుగు, ఉర్దూలను మరచిన సలహాలు మనవారు దిద్దవలసిన లోపము.

ఉపాధ్యాయులు పాత బోర్డును పారవేయుటకు ముందు మూడు పరీక్షలు చేయవచ్చును. దాని ప్రాసెసరు తరమునకు నేటికిని దిద్దుబాట్లు వచ్చుచున్నవా? తెరపై స్త్రీ అను అక్షరము ముక్కలు కాకుండ వచ్చుచున్నదా? నెట్‌వర్కు విప్పి తేదీని 2038 జనవరి 20కి మార్చినప్పుడు వ్యవస్థ సరిగా నడచుచున్నదా? దిద్దుబాట్లు రాని వ్యవస్థను ఇంటర్నెట్టుకు కలుపరాదు. అయినను దానితో చేయదగిన పని ఎంతో ఉన్నది. మొదటి నమూనా బోర్డులోని 26 పిన్నులకు డీఎస్18బీ20 అను చౌక ఉష్ణోగ్రతా పరికరమును కలుపవచ్చును. దానిని చదువు భాగము లినక్స్ కెర్నెల్ లోనే ఉన్నది. బడి మేడమీద గంటగంటకు ఉష్ణోగ్రతను నమోదుచేసి ఏడాది పట్టిక తయారుచేయుటకు 256 మెగాబైట్లు చాలును. ఈ బోర్డులో బ్యాటరీ గడియారము లేదు గనుక, కరెంటు పోయి వచ్చినప్పుడు సమయమును సరిచూచుట విద్యార్థుల వంతు.

ఇట్లు చేసిన విద్యార్థికి ఉష్ణోగ్రతల పట్టిక ఒక లాభము. యంత్రము ఎక్కడ ఆగినదో, ఎందుకు ఆగినదో మూలము తెరచి చూడవచ్చునను ధైర్యము అంతకు మించిన లాభము. అట్టివారు కొందరు మన బడులనుండి వచ్చిననాడు, ఏ బోర్డునకు ఎంత ఆయుష్షు ఉండవలెనో నిర్ణయించువారిలో మనవారు కూడ ఉందురు.