ఫోటోలో లేని పరుగు

కాథరిన్ స్విట్జర్ అనగానే 1967 నాటి బోస్టన్ మారథాన్ ఫోటోనే గుర్తొస్తుంది. పరిగెడుతున్న ఆమెని నిర్వాహకుడొకరు పట్టి లాగెయ్యబోతున్న దృశ్యం. ఆమె ఆత్మకథ 'మారథాన్ ఉమన్' (2007)లో నన్ను పట్టి నిలిపినవి మాత్రం అంతకు ముందరి సాధన పేజీలు. ఆడవాళ్లు అంత దూరం పరిగెత్తలేరన్న కోచ్ ఆర్నీ బ్రిగ్స్, చేసి చూపిస్తే బోస్టన్ తీసుకెళ్తానన్నాడు. 26 మైళ్లయ్యాక ఇంకో 5 మైళ్లు పరిగెడదామన్నది ఆమె. చివర్లో స్పృహ తప్పింది ఆయనకే!

ఫోటోలో ఆమె బాధితురాలు. ఈ పేజీల్లో సమర్థురాలు. అయినా ఆ సామర్థ్యానికీ ముందుగా ఒక మగవాడి ఆమోదముద్ర కావాల్సొచ్చింది.

మరో ప్రశ్న కూడా మిగులుతుంది. అప్పటికామె ఇరవయ్యేళ్ల విద్యార్థిని. పొయ్యీ పిల్లలూ ఉన్న స్త్రీకి, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేని అన్ని గంటలు ఎక్కణ్ణించి వస్తాయి? దూరం కన్నా ముందు మనం గెలుచుకోవాల్సింది ఆ సమయాన్నే.