చివరి బండి వేగం

ఘాట్ రోడ్డు మీద నాలుగు బండ్లు కలిసి వెళ్తున్నప్పుడు, ఎంత వేగంగా పోవాలో తేల్చాల్సింది అన్నిటికన్నా వెనక ఉన్న బండి. పదిమందితో కలిసి చేసే ప్రయాణాల గురించి నాకు తెలిసిందంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. గట్టిగా నడిపితే పొద్దున్నే చేరిపోవచ్చు. మాకు మాత్రం మధ్యాహ్నం దాటుతుంది. దాటాలి కూడా.

మొన్న నవంబరు చివర్లో వెళ్లినప్పుడూ అంతే. తెల్లవారకముందే పెందుర్తి దాటి, శృంగవరపుకోటలో ఇడ్లీలు తిని, అక్కడే పెట్రోలు నింపుకుని, బండ్ల వరుస ఖాయం చేసుకున్నాం. ఈ వరుసను చాలామంది పట్టించుకోరు. ముందు దారి తెలిసినవాళ్లు ఉండాలి. కొండదారికి కొత్తవాళ్లు వాళ్ల వెనకే రావాలి. ముందు బండి ఎక్కడ నెమ్మదించిందో, ఏ మలుపులో హారన్ కొట్టిందో కళ్లతో చూసి నేర్చుకుంటారు. అందరిలోకీ చెయ్యి తిరిగిన డ్రైవరు చివర ఉండాలి. ఎవరి బండి ఆగినా అందుకునేది ఆయనే కాబట్టి పంక్చరు సామాను, టార్చిలైటు ఆయన దగ్గరే ఉంటాయి. మాలో ఆ చోటు ఎప్పుడూ పెద్ద బావగారిదే.

ఇంకొక పద్ధతి ఉంది. ఎవరికి వారు తమ వెనక బండికి పూచీ. అద్దంలో అది కనబడకపోతే నెమ్మదించాలి. బొర్రా గుహలకు చీలే దారిలాంటి చోట, మనం ఎటు తిరిగామో వెనకవాళ్లు చూసేదాకా కదలకూడదు. ఫోన్ చేసి చెబుదాంలే అనుకుంటే కొండల్లో అన్నిచోట్లా సిగ్నల్ దొరకదు.

తైడ దాటాక మేనల్లుడికి ఓపిక నశించింది. "నాన్న బండి ఎప్పటికొస్తుందో ఏంటో! మనం గాలికొండ దగ్గరికెళ్లి ఆగుదాం మావయ్యా" అన్నాడు. "వస్తారు, ఉండరా" అని, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీశాను. ఆ ఆగిన కాసేపట్లోనే కొండవాలులో గూడ్సు బండి కనిపించింది. కొత్తవలస-కిరండూల్ లైను అది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో ఈ కొండల్ని తొలిచి వేశారు. వాడు ఫోను జేబులో పెట్టి, ఆఖరి వ్యాగను సొరంగంలోకి దూరేదాకా చూశాడు. ఆగకుండా పోయుంటే మా ఇద్దరికీ అది దక్కేది కాదు.

సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటల్లో మళ్లీ ఆగాం. సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు పాకి ఉన్నాయి, వాటి నీడలో కాఫీ మొక్కలు. నీడన పండే కాయ నిదానంగా పండుతుంది. ఎర్రబడిన కాయల్నే చూసి చేత్తో కోస్తారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని వెనకున్న ఈ గిరిజన రైతుల చేతులు మాత్రం ఆగి చూసినవాళ్లకే కనబడతాయి.

వలిసె పూల దగ్గర నాకు బాధ కలిగింది. పొలమంతా పసుపు పరిచినట్టుంది, నిజమే. కానీ అది ఫొటోల కోసం వేసిన తోట కాదు, నూనెగింజల పంట. ఓ కుటుంబం నడుమకు దూరి సెల్ఫీలు తీసుకుంటుంటే వాళ్ల కాళ్ల కింద మొక్కలు విరుగుతున్నాయి. గట్టు మీద నిలబడిన ముసలమ్మ వాళ్లను ఏమీ అనలేదు. కొందరు రైతులు ఇప్పుడు లోపలికి రావడానికి కొద్దిగా డబ్బు తీసుకుంటున్నారు. అందులో తప్పేముంది? అడిగినంత ఇచ్చి, గట్టు మీద నిలబడి తీసుకున్నా ఫొటో బాగానే వస్తుంది.

బొంగులో చికెన్ తిన్నాం. బాగుంది. అంతకన్నా దిగడం గురించి చెప్పాలి, ఎందుకంటే ఎక్కడం కన్నా అదే కష్టం. మంచు కమ్మకముందే బయల్దేరాం. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లున్నారు. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి కాలి, చివరికి పట్టవు. ఎక్కేటప్పుడు వేసిన గేరులోనే దిగాలి. మంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోనే పడుతుంది, లోబీమే వేయాలి.

ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి చోటివ్వాలన్నది మన రోడ్డు నిబంధనల్లోనే ఉంది. బరువుతో ఎక్కుతున్న బస్సు మధ్యలో ఆగితే మళ్లీ కదలడం కష్టం. ఈ చలికాలం అరకు వెళ్తున్నవారు దయచేసి దీన్ని పాటించండి. మీ వెనక బండి కనబడేదాకా ఆగండి, ఎదురొచ్చే బస్సును ముందు పోనివ్వండి.